పురావస్తుశాల – పూర్వుల నిక్షేపము



అనకాపల్లిలో నూకాంబికా అమ్మవారిని సేవించుకొన వచ్చినవారిలో కొందరు సమీపముననే యున్న శంకరము గ్రామమునకు పోయి బొజ్జన్నకొండ నెక్కుచుందురు. కొండరాతిని తొలిచిన గుహలు, స్తూపములు, బుద్ధప్రతిమలు అక్కడ కలవు. ఇరువదవ శతాబ్ది మొదటి దశకములో అలెగ్జాండర్ రీ అను పురావస్తు అధికారి అచ్చట త్రవ్వించగా సముద్రగుప్తుని బంగారు నాణెము, చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణెములు, మట్టి ముద్రికలు బయల్పడినవి. అయినను ఆ కొండ ఎవరిదో మరచిన మనవారు చిరకాలము కనుమనాడు అక్కడ రాక్షసుడున్నాడని తలచి రాళ్ళు రువ్వుచుండిరి. పెద్దల ప్రబోధముచేత ఆ వాడుక ఇటీవల మానిపింపబడినది. అది ద్వేషముచేత చేసినది కాదు, తెలియక చేసినది.

తెలియజెప్పుటకు ఒక చోటు కావలెను. అట్టి చోటే పురావస్తుశాల. దానిని నెలకొల్పుటకు ప్రభుత్వమే ముందుకు రానక్కరలేదని రాజమహేంద్రవరము పెద్దలు నిరూపించిరి. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడయ్యెను. 900 సంవత్సరములు నిండిన 1922లో వారు ఉత్సవము జరిపి, ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించిరి. ఉత్సవములు ఊరేగింపుతో ముగియుట మన మెరుగుదుము. వారు ముగియనీయలేదు. 1926 నుండి పరిశోధన పత్రికను నడిపిరి. 1930లో కళింగదేశ చరిత్రను ప్రకటించిరి. చరిత్రోపన్యాసకులగు రాళ్ళబండి సుబ్బారావుగారి పూనికతో నాణెములు, తామ్రశాసనములు, శిల్పములు ఒకచోట చేరినవి.

సంగ్రహము పెరిగినకొలది దాని కాపుదల భారమును పెరుగును. 1967లో అది రాష్ట్ర పురావస్తుశాఖ అధీనమునకు వచ్చెను. గోదావరి గట్టున ఆ పురావస్తుశాల సుబ్బారావుగారి పేరనే నడచుచున్నది. భవనము ప్రభుత్వమువారి కాపుదలలో నున్నను, అందలి సొత్తును మొదట కూర్చినవి ప్రజల చేతులే. మన విశాఖలో 1991లో సముద్రతీరమునందలి డచ్చివారి బంగళాయను పాతయింటనే పురావస్తుశాలను తెరచిరి. అచ్చట ఇల్లే ఒక పురావస్తువు.

వేదము చదువుకొన్న మాకు ఈ విషయముతో పనియేమని మీరడుగవచ్చును. నందంపూడి తామ్రశాసనమును రచించినవాడు నన్నయభట్టు. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు అగ్రహార మిచ్చిన వృత్తాంతము అందు కలదు. ఆ రేకులను ఎవరైన కరిగించియున్నచో ఆదికవి రచన యొకటి మనకు దక్కెడిది కాదు. ఇట్టి దానశాసనములలో మన పూర్వుల గోత్రములు, వారు అధ్యయనము చేసిన శాఖలు వ్రాయబడియుండును.

మా యౌవనములో ఒక గ్రామ దేవాలయ జీర్ణోద్ధరణమునకు పారాయణకై వెళ్ళితిమి. పునాది త్రవ్వుచుండగా కడియముతో కూర్చిన మూడు రాగిరేకులు దొరికినవి. వానిని కలశపు రాగిలో కరిగించిరి. దేవుని వస్తువు దేవునికే చెందినదని అందరు సంతోషించిరి. మేమును అక్కడనే యుంటిమి. వలదని పలుకలేదు. ఆ రేకులపై ఏ మహనీయుని పేరుండెనో అను తలపు నేటికిని మమ్ము బాధించుచున్నది.

భిన్నమైన మూర్తిని జలమునందు విడువవలెనని ఆగమము చెప్పుచున్నదిగదా యని కొందరందురు. నిజమే. అది పూజార్హతను గూర్చిన విధి. శాసనపు రాతికి, రాగిరేకునకు, నాణెమునకు ఆ విధి లేదు. మూర్తి విషయమునను నిమజ్జనమునకు ముందు ఆచార్యుని, పురావస్తుశాఖవారిని సంప్రదించుట దోషము కానేరదు. దొరికిన నిధిని తెలుపక దాచినవానికి యాజ్ఞవల్క్యస్మృతి దండమును విధించినది. 1878 నాటి నిధుల చట్టమును పది రూపాయలకు మించిన నిధి దొరికినచో కలెక్టరునకు తెలుపవలెననుచున్నది. ధర్మశాస్త్రము, రాజశాసనము ఇక్కడ ఒక్కమాటయే పలుకుచున్నవి.

కావున ధర్మకర్తలారా! గోడపై అక్షరములున్నచో సున్నము వేయించకుడు. పునాదిలో ఏది దొరికినను తూకమునకు అమ్మకుడు, కరిగించకుడు. ఇతర మతస్థుల చిహ్నమైనను రాయి రువ్వకుడు. పూర్వులు మనచేతిలో నుంచిన నిక్షేపమును చెడకుండ తరువాతివారికి అప్పగించుటయు దేవతాసేవయే.

స్వస్తి.