స్థానచలనం, పూర్వచరిత్ర: కూడవెల్లి సంగమేశ్వరాలయం నుంచి గిట్ రిపాజిటరీ దాకా

వ్యాససంగ్రహం

ఒక వస్తువును ఒక చోటి నుంచి మరొక చోటికి మార్చినప్పుడు దాని పూర్వచరిత్ర ఎలా నిలుస్తుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. శ్రీశైలం జలాశయం కారణంగా తరలిన ఆలయాన్ని, జిల్లాల పునర్విభజనను, సాఫ్ట్‌వేర్ రంగంలోని వెర్షన్ కంట్రోల్ పద్ధతిని పక్కపక్కన ఉంచి చూస్తుంది. తరలింపును సవరణతో కలపకుండా విడిగా నమోదు చేయాలని, ఆ పద్ధతిని డిజిటల్ శాసనపాఠాల పరిరక్షణకు అన్వయించుకోవాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్థానచలనం, వెర్షన్ కంట్రోల్, ముంపు ఆలయాలు, శాసనపాఠం, దారిమార్పు.

1. ఉపోద్ఘాతం

జూపాడు బంగ్లా నేడు నంద్యాల జిల్లాలోని మండలకేంద్రం. 2022 ఏప్రిల్ 4కు ముందు అది కర్నూలు జిల్లాలో ఉండేది. ఊరు కదలలేదు, చిరునామా మారింది. ఈ మండలంలోని పోతిరెడ్డిపాడు వద్దే శ్రీశైలం జలాశయపు నీరు రాయలసీమ కాలువలకు మళ్లుతుంది. అదే జలాశయం వల్ల కృష్ణా, తుంగభద్రల తీరాన అనేక గ్రామాలు, ఆలయాలు ముంపునకు గురయ్యాయి. అక్కడ చిరునామాతోపాటు కట్టడాలే కదిలాయి. ఈ రెండు రకాల మార్పులూ పరిశోధకుని ముందు ఒకే ప్రశ్నను నిలుపుతాయి: ఇప్పుడిక్కడ కనిపిస్తున్నది ఇంతకుముందు ఎక్కడ, ఏ రూపంలో ఉండేది?

శాసనపాఠాలను, తాళపత్రప్రతుల ఛాయాచిత్రాలను కంప్యూటర్లో భద్రపరుస్తున్న నేటి తెలుగు పరిశోధకులకు ఈ ప్రశ్న మరొక రూపంలో ఎదురవుతుంది. కొత్త జిల్లాల ప్రకారం ఫోల్డర్లను సర్దుకునేటప్పుడు ఫైళ్ల పేర్లు, స్థానాలు మారతాయి. వాటి వెనుక ఉన్న పరిష్కరణ చరిత్ర ఆ మార్పులో తెగిపోకుండా చూడడం ఎలాగన్నది ఇక్కడి విచారణ.

2. కూడవెల్లి: రాళ్లకు వేసిన సంఖ్యలు

కృష్ణా, తుంగభద్రల కలయిక వద్ద ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం చాళుక్యుల కాలపు కట్టడం. ముంపు ప్రాంతంలో ఉన్నందున దానిని విప్పి అలంపురంలో తిరిగి నిర్మించారు. ఇటువంటి తరలింపులో అనుసరించే పద్ధతి సుప్రసిద్ధం. ముందు కట్టడాన్ని కొలిచి చిత్రపటాలు గీస్తారు. ప్రతి రాతికీ సంఖ్య వేస్తారు. విప్పిన రాళ్లను ఆ సంఖ్యల వరుసలోనే మళ్లీ పేరుస్తారు. ఈజిప్టులోని అబూ సింబెల్ ఆలయాలను కూడా 1964-68 మధ్య ఖండాలుగా కోసి, గుర్తులు వేసి, ఎత్తైన చోట తిరిగి నిలిపారు.

రాతి మీది సంఖ్యకు శిల్పపరంగా విలువేమీ లేదు. కొత్త గోడలోని రాయికీ పాత గోడలోని దాని స్థానానికీ మధ్య ఉన్న ఏకైక సంబంధం మాత్రం అదే. తరలించే సమయంలోనే పగిలిన రాయిని మార్చి, ఆ సంగతి రాసి ఉంచకపోతే, ఏది చాళుక్యశిల్పమో ఏది మరమ్మత్తో తరువాతివారు చెప్పలేరు.

అలంపురం చిరునామా కూడా స్థిరంగా లేదు. 1956కు ముందు అది హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలోనిది. తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలోకి, 2014లో తెలంగాణ రాష్ట్రంలోకి, 2016లో జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చింది. అంటే ఆలయం ఒకసారి కదిలితే, అది చేరిన నేల పరిపాలనాపరంగా పలుమార్లు మారింది. ఆలయం పేరులో సంగమం ఉంది. అది ఇప్పుడున్న చోట సంగమం లేదు. తరలింపు వృత్తాంతం తెలియని సందర్శకునికి ఆ పేరే ప్రశ్నార్థకం.

3. గిట్: పోలికను బట్టి గుర్తింపు

సాఫ్ట్‌వేర్ రచనలో ప్రతి మార్పును ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో నమోదు చేసే ఏర్పాటు వెర్షన్ కంట్రోల్. పాతదైన సీవీఎస్‌లో ఫైలు పేరు మార్చాలంటే పాతదాన్ని తొలగించి కొత్తదాన్ని చేర్చడమే దారి. దానితో చరిత్ర రెండు ముక్కలయ్యేది. 2004లో 1.0 సంచికగా వెలువడిన సబ్‌వర్షన్, ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో నమోదు చేసింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ వేరే మార్గం పట్టింది. గిట్ పేరుమార్పును నమోదు చేయదు. ఒక కమిట్‌లో మాయమైన ఫైలునూ కొత్తగా కనిపించిన ఫైలునూ పోల్చి, మామూలుగా 50 శాతం లేదా అంతకు మించిన సారూప్యం ఉంటే అది పేరుమార్పేనని ఊహిస్తుంది.

ఈ లక్షణం నుంచే ఒక ఆచరణ సూత్రం పుట్టింది. ఫైళ్లను కదిలించడం ఒక కమిట్, వాటిలోని విషయాన్ని సవరించడం వేరొక కమిట్. రెంటినీ కలిపితే సారూప్యం తగ్గి, పాత ఫైలు చనిపోయినట్టు, కొత్తది అప్పుడే పుట్టినట్టు కనిపిస్తుంది. వేరు చేసిన కమిట్లను ‘స్క్వాష్’ పద్ధతిలో ఒకటిగా విలీనం చేసినా ఆ ప్రయోజనం పోతుంది. జాగ్రత్తగా తరలించిన ఫైలుకు సైతం చరిత్రను అడిగే తీరు తెలియాలి. ‘ఫాలో’ అనే సూచన ఇవ్వకుండా ఒక ఫైలు లాగ్ అడిగితే జాబితా పేరుమార్పు దగ్గరే ఆగుతుంది. చరిత్ర అక్కడే ఉంటుంది, చూపు అందదు.

4. దారిమార్పు: పాత చిరునామా విలువ

2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ఇదే సూత్రం తెలుగు మాటల్లోనే కనిపిస్తుంది. పుటను ‘తరలిస్తే’ దాని చరిత్ర మొత్తం కొత్త పేరు వెంట వెళ్తుంది. పాత పేరు వద్ద ‘దారిమార్పు’ మిగులుతుంది. పాఠాన్ని కత్తిరించి కొత్త పుటలో అతికిస్తే పాఠం మాత్రమే వెళ్తుంది, రాసినవారి పేర్లు వెనుకనే ఉండిపోతాయి. స్వేచ్ఛా లైసెన్సు కింద రాసిన రచనకు కర్తృత్వాన్ని గుర్తించడం షరతు కనుక, ఇది సౌలభ్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. రాసినవారి హక్కుకు సంబంధించినది.

5. శాసనపాఠాలకు అన్వయం

వరంగల్లు, కరీంనగర్, కడప జిల్లాల పేర్లతో వెలువడిన శాసనసంపుటాలు నాటి జిల్లాల హద్దులను అనుసరించినవి. ఇప్పుడు ఆ పాఠాలను డిజిటల్ రూపంలో కొత్త జిల్లాల వారీగా సర్దేవారు మూడు జాగ్రత్తలు పాటించాలి. మొదటిది, సంపుటంలోని శాసనసంఖ్యను మార్చకుండా ఫైలులోనే ఉంచాలి. అది రాతి మీది సంఖ్య వంటిది. రెండవది, తరలించే రోజున అక్షరదోషాన్ని కూడా దిద్దకూడదు. దిద్దుబాటు మరో కమిట్‌గా, కారణంతో సహా రావాలి. మూడవది, పాత జిల్లా, తాలూకా పేర్లతో వెతికినవారికి దారి చూపే సూచిక ఉండాలి.

రెండవ జాగ్రత్తలోనే పరిశోధనకు సంబంధించిన అసలు బాధ్యత ఉంది. ఒక పాఠాంతరాన్ని ఎవరు ప్రతిపాదించారో తెలియకపోతే దానిని అంగీకరించడానికీ ఖండించడానికీ ఆధారం ఉండదు. పూర్వపరిష్కర్త ఊహ మూలపాఠంగా చలామణి అవుతుంది, లేదా ఆయన శ్రమ మరొకరి పేరు మీదికి వెళ్తుంది.

6. ముగింపు

గిట్ ఫైలును దాని విషయాన్ని బట్టి గుర్తుపడుతుంది. చారిత్రక వస్తువుకు అది చాలదు. అది నిలిచిన స్థలం కూడా దాని అర్థంలో భాగం. నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలోని సంగమేశ్వరం ఆలయం జలాశయంలో నీరు తగ్గినప్పుడు బయటపడుతూ, మునిగిన స్థలాన్ని ఏటా గుర్తుచేస్తున్నది. డిజిటల్ పాఠానికి అటువంటి అవకాశం లేదు. తరలించిన నాడే నమోదు చేయని పూర్వస్థానం ఏ వేసవిలోనూ మళ్లీ తేలదు. కనుక పునర్వ్యవస్థీకరణను గుమాస్తా పనిగా కాక పరిష్కరణలో ఒక దశగా గుర్తించి, విశ్వవిద్యాలయాల పాఠపరిష్కరణ శిక్షణలో దానికి చోటు కల్పించవలసి ఉంది.