గంజికి నీలం ఎందుకు?

అన్నం వార్చిన గంజి చల్లారాక అందులో ఒక చుక్క అయోడిన్ ద్రావణం వేస్తే ముదురు నీలం కమ్ముకుంటుంది. బడిపిల్లలందరికీ తెలిసిన ఈ పరీక్ష పుట్టి 200 ఏళ్లు దాటింది. రంగు కనబడిన నూరేళ్లకు పైగా గడిచాక గానీ కారణం తెలియలేదు.

అది 1811, నెపోలియన్ యుద్ధాల కాలం. ఫ్రాన్స్‌లో తుపాకిమందుకు కావలసిన సురేకారం చేసే బెర్నార్డ్ కూర్త్వా సముద్రపు నాచు కాల్చిన బూడిదతో పని చేస్తున్నాడు. అందులో సల్ఫ్యూరికామ్లం ఎక్కువగా పడేసరికి ఊదారంగు ఆవిరి లేచింది. చల్లబడి నల్లగా మెరిసే పలుకులైంది. అదే అయోడిన్. పిండిపదార్థం తగిలితే అది నీలంగా మారుతుందని 1814లో కోలిన్, గోతియే ద క్లోబ్రీ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు వెల్లడించారు.

1860ల్లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త జూలియస్ సాక్స్ ఈ పరీక్షను ఆకుల మీద చేశాడు. ఎండ తగిలిన చోటే ఆకులో పిండిపదార్థం తయారవుతుందని రంగుతోనే చూపించాడు. మన పాఠ్యపుస్తకాల్లోని కిరణజన్య సంయోగక్రియ ప్రయోగానికి మూలం ఇదే.

ఇక కారణం. గంజిలోని పిండిపదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు భాగాలుంటాయి. అమైలోజ్ కొమ్మలు దాదాపు లేని గ్లూకోజ్ గొలుసు. అది స్ప్రింగులా చుట్టుకుంటుందని 1937లో హేన్స్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఒక్కో చుట్టుకు 6 గ్లూకోజ్‌లు. 1940ల్లో రండిల్ అనే శాస్త్రవేత్త బృందం ఎక్స్‌కిరణాలతో దాన్ని బలపరిచింది. అయోడిన్ ఒక్కటే నీళ్లలో సరిగా కరగదు; పొటాషియం అయొడైడ్ తోడైతే కరిగి పాలీఅయొడైడ్ అయాన్లు ఏర్పడతాయి. అవి చుట్ల మధ్యనున్న ఖాళీలో వరుసగా చేరి నారింజ, ఎరుపు వెలుగును పీల్చుకుంటాయి. మిగిలిన వెలుగు మన కంటికి నీలంగా కనిపిస్తుంది. అమైలోపెక్టిన్‌కు కొమ్మలెక్కువ, చుట్లు పొట్టివి. అందుకే దానితో ఎరుపు కలిసిన ఊదా వస్తుంది. అమైలోజ్ దాదాపుగా లేని జిగురు బియ్యంలోనూ అదే రంగు.

పాలలో పిండి కలిపారేమో చూడటానికీ ఇదే పరీక్ష. పాలు కాచి, చల్లార్చాకే అయోడిన్ వేయాలి. వేడిలో ఆ చుట్లు సడలి అయోడిన్ బయటికొస్తుంది, రంగు పోతుంది.

ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. నీలం చూపించి ఆగిపోకండి. ఆ పరీక్షనాళికను కాసేపు వేడిచేసి రంగు పోగొట్టండి, చల్లార్చి మళ్లీ రప్పించండి. అలా ఎందుకు జరిగిందో చెప్పమని పిల్లలను అడగండి. రంగు పేరు ఒక్క మార్కుకే పనికొస్తుంది, కారణం తెలిస్తే రసాయనశాస్త్రమే వంటబడుతుంది.