నెత్తిమీద ఏడు బండ్ల మట్టి



మట్టి మిద్దె మన సరిహద్దు జిల్లాలవారికి కొత్తది కాదు. బళ్ళారి, రాయచూరు పల్లెల్లోనూ, ఇటు అనంతపురం, కర్నూలు పల్లెల్లోనూ దాని నీడన తరతరాల కాపురాలు సాగాయి. దూలాల మీద కట్టెలు పరిచి, ఆపైన మట్టి పోసి, చవుడు దట్టిస్తే ఎండాకాలంలో ఇల్లు చల్లగా ఉంటుంది. ఎక్కడైనా కురిస్తే వానలకు ముందు మళ్ళీ నాలుగు గంపల చవుడు పోస్తారు. పాత మట్టి తీసేవారు తక్కువ, కొత్త మట్టి పోసేవారే ఎక్కువ. తాతగారు పోసినదాని మీద తండ్రిగారు, ఆయన పోసినదాని మీద కొడుకు. ఆ మట్టి బరువెంత? అదంతా ఒక్కసారి కూలితే లేచే దుమ్మెంత? ఈ లెక్క ఎందుకు అవసరమో మనకు నేర్పిన ఊరు కిల్లారి.

మహారాష్ట్రలో లాతూరు పట్టణానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది కిల్లారి. 1993 సెప్టెంబరు 30. ముందురోజు గణపతి నిమజ్జనం జరిగింది. ఉత్సవంలో అలసిపోయిన జనం ఇళ్ళలో గాఢనిద్రలో ఉన్నారు. తెల్లవారుజామున 4 గంటలకు కొద్ది నిమిషాల ముందు భూమి కంపించింది. తీవ్రత 6.2. లాతూరు జిల్లాలోనూ, అప్పటి ఉస్మానాబాదు, అంటే ఇప్పటి ధారాశివ్ జిల్లాలోనూ పల్లెలకు పల్లెలే కూలిపోయాయి. దాదాపు 8 వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ కుదుపు హైదరాబాదు దాకా తెలిసింది.

ప్రపంచంలో ఇంతకంటే పెద్ద భూకంపాలు ఎన్నో వచ్చాయి. అన్నిటా ఇంత ప్రాణనష్టం జరగలేదు. మరి ఇక్కడెందుకు జరిగింది? భూకంప కేంద్రం లోతు తక్కువ కావడం ఒక కారణం. ఇళ్ళ కట్టుబడి రెండో కారణం. అక్కడి గోడలు గుండ్రాళ్ళను మట్టి అడుసుతో పేర్చి కట్టినవి. మందం రెండడుగులు మొదలుకొని నాలుగైదు అడుగుల దాకా ఉండేది. చూడటానికి కోటగోడలే. కానీ లోపలి వరుసకూ బయటి వరుసకూ నడుమ నింపింది గులకరాళ్ళు, మట్టి. రెండు వరుసలనూ కలిపి పట్టే పొడుగు రాళ్ళు లేవు. కుదుపు రాగానే గోడ రెండుగా చీలి చెరోవైపు ఒరిగింది. గోడలనే నమ్ముకొన్న మిద్దె నేలకు దిగింది. కర్రస్తంభాల మీద నిలిచిన మిద్దెలు మాత్రం చాలాచోట్ల గోడలు పడిపోయినా అలాగే నిలబడ్డాయి. ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న చిన్న గది అనుకోండి. పైన మట్టి మందం అడుగున్నర. అంటే 150 ఘనపుటడుగుల మట్టి. గట్టిపడిన పొడిమట్టి ఘనపుటడుగుకు సుమారు 45 కిలోలు తూగుతుంది. మొత్తం 6,750 కిలోలు. ఎడ్లబండికి టన్ను చొప్పున దాదాపు ఏడు బండ్ల మట్టి. పసిపిల్ల ఊయల కట్టిన దూలం మీద ఏడు బండ్లు! వాన పడి మట్టి తడిస్తే ఆ బరువు ఇంకా పెరుగుతుంది.

బరువు తేలింది. ఇక ఇందులో దుమ్మెంత? కూలిన ఇంట్లో రాయి తగిలి చనిపోయేవారు కొందరైతే, మట్టిలో కూరుకుపోయి ఊపిరాడక చనిపోయేవారు మరికొందరు. కిల్లారిలో జరిగిందీ ఇదే. కనుక దుమ్ము లెక్క కూడా ప్రాణాల లెక్కే. కూలిన భవనాల దుమ్మును శాస్త్రజ్ఞులు శ్రద్ధగా సేకరించి, జల్లించి, తూచి చూసిన సందర్భం కిల్లారి తర్వాత ఎనిమిదేళ్ళకు, అమెరికాలో వచ్చింది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కు నగరంలో 110 అంతస్తుల జంట భవనాలు ఉగ్రవాదుల విమాన దాడిలో కూలాయి. అక్కడ దుమ్మును అంచనా కట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఇంటి సామాను లెక్క. ఒక్కో అంతస్తు రమారమి ఎకరం. కాంక్రీటు పలక మందం నాలుగంగుళాలు అనుకొంటే, రెండు భవనాల 220 అంతస్తులకూ కలిపి సుమారు 32 లక్షల ఘనపుటడుగులు. అది తేలికరకం కాంక్రీటు కనుక ఘనపుటడుగుకు 50 కిలోలు వేసుకొంటే లక్షా 60 వేల టన్నులు. ఇదంతా దుమ్ము కాలేదు. దుమ్ము కాగలిగిన సరుకు ఇంత అని మాత్రమే దీని అర్థం.

రెండోది పరుచుకొన్న దుమ్ము లెక్క. చదరపు కిలోమీటరు నేల మీద సెంటీమీటరు మందాన దుమ్ము పడితే అది పదివేల ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు టన్ను వేసుకొంటే పదివేల టన్నులు. ఇలా వీధివీధినా మందం కొలిచి కూడుకోవాలి. మొదటి లెక్క పై హద్దు చెబుతుంది, రెండోది కింది హద్దు చెబుతుంది. గాలికి దూరం కొట్టుకుపోయినది రెండో లెక్కలోకి రాదు. అసలు సంగతి ఈ రెంటి నడుమ ఉంటుంది.

అయితే మొత్తం బరువు ఒకటే తెలిస్తే చాలదు. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళేది అతి సన్నని ధూళి. న్యూయార్కులో మూడు వీధుల నుంచి తెచ్చిన దుమ్మును పరీక్షిస్తే, రెండున్నర మైక్రాన్ల కంటే సన్నని ధూళి బరువులో నూటికి ఒకటి, రెండు పాళ్ళే ఉంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. నూటికి ఒకటే కదా అని తేలిగ్గా తీసుకోరాదు. పదివేల టన్నులకు అది వంద టన్నులు. పైగా ముతక దుమ్ములోని సిమెంటుకు సున్నంలాంటి మంట గుణం ఉంది. అది ముక్కునూ గొంతునూ కాల్చింది.

అక్కడి గాలి పీల్చుకోవచ్చునని ఆ దేశపు పర్యావరణ సంస్థ వారానికే, సెప్టెంబరు 18న ప్రకటించింది. అలా చెప్పడానికి అప్పటికి తగిన ఆధారాలు లేవని ఆ సంస్థ తనిఖీ అధికారే 2003లో తేల్చారు. శిథిలాల్లో పనిచేసిన అగ్నిమాపక సిబ్బందిలో ఎందరికో విడవని దగ్గు పట్టుకొంది. వారి వైద్యం కోసం 2011 జనవరిలో ప్రత్యేక చట్టం వచ్చింది. లెక్క చూడకుండా ఇచ్చిన భరోసా ఖరీదు అది.

మళ్ళీ మన మిద్దెకు వద్దాం. అక్కడి సిమెంటు వేరు, ఇక్కడి మట్టి వేరు. ఆ పాలు యథాతథంగా ఇక్కడ చెల్లదు. అందుకే బాగా తగ్గించి, వెయ్యి కిలోలకు ఒక్క కిలో మాత్రమే గాలిలో తేలిందనుకొందాం. 6,750 కిలోల మిద్దె నుంచి ఆరు ముప్పావు కిలోలు. పదడుగుల ఎత్తున్న ఆ గదిలో గాలి 28 ఘనపు మీటర్లు. అంటే ఘనపు మీటరుకు దాదాపు 240 గ్రాముల దుమ్ము. మన దేశంలో పది మైక్రాన్ల ధూళి ఒకరోజు సగటున 100 మైక్రోగ్రాములు దాటరాదని 2009 నాటి ప్రమాణం. పక్కపక్కన పెట్టి చూస్తే 24 లక్షల రెట్లు! ఆ చీకట్లో కళ్ళు తెరిచినవాడికి ఊపిరి అందకపోవడంలో వింతేముంది?

1993కు ముందు పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉండేది. 2002 పటంలో ఒకటో మండలాన్నే తీసివేశారు. కిల్లారి ప్రాంతం మూడో మండలంలోకి వచ్చింది. ప్రపంచ బ్యాంకు సహాయంతో 52 గ్రామాలను వేరేచోట్ల కట్టారు. నిలిచిన పాత ఇళ్ళకు గోడలో అడ్డంగా పొడుగు రాళ్ళు దూర్చడం, కప్పు కింద గోడల చుట్టూ పట్టీ బిగించడం, మిద్దె మీది మట్టి తగ్గించడం నేర్పారు.

శ్రోతలారా, మీ ఇంటి పైన మట్టి మిద్దె ఉంటే ఈసారి వానలకు ముందు మందం ఒక్కసారి కొలవండి. పొడవు, వెడల్పు, మందం అడుగుల్లో గుణించి, 45తో హెచ్చవేయండి. వచ్చినన్ని కిలోలు మీ నెత్తిమీద ఉన్నట్టు. కొత్త చవుడు పోసే ముందు పాతది అంతకంత తీసివేయండి. పాత ఇల్లు పడగొట్టించేటప్పుడు నీళ్ళు చల్లించండి, కూలీల ముక్కుకు తడిగుడ్డ కట్టించండి. గంపెడు మట్టి దించితే గంపెడు భయం దించినట్టే.