జాకీ
ఆడని సినిమాను ‘ఎన్ని జాకీలేసినా లేవదు’ అంటాం. అమెరికాలో, బండికి తగిలించి లాగే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ ముందు భాగాన్ని మోసే రెండు ఇనుపకాళ్లనూ జాక్‌లే అంటారు. మొదటిది చక్కటి ప్రయోగం, పేచీ రెండోదాన్ని తెలుగులో జాకీ అనడంతోనే. జాక్ అంటే జాన్‌కు ముద్దుపేరు. తర్వాత ఊరూపేరూ లేని పనివాడికి, ఆపైన వాడి బదులు పనిచేసే సాధనానికి, అంటే బూటు లాగేదానికి, మాంసం చువ్వ తిప్పేదానికి, బరువెత్తేదానికి అదే పేరైంది. కారు, బస్సుల వరసలో ‘జాకు’ కావాల్సింది మన షెడ్డుల్లో ‘జాకీ’ అయింది. గుర్రపు జాకీ వేరే దారిన వచ్చినా, దాని మూలం జాక్‌కు స్కాట్లాండు రూపమే. ఆ ఇనుపకాళ్లూ ట్రైలర్‌ను పైకెత్తుతాయిగా, జాకీ అంటే తప్పేంటనవచ్చు. ఎత్తుతాయి, కానీ ఎత్తడం కాసేపటి పని. లాగే బండి వెళ్లిపోయాక రోజుల తరబడి నిలబెట్టడం అసలు పని. ఎడ్లను విప్పాక నొగల కింద పెట్టే ఊతకర్రకు ఇవి దగ్గరి చుట్టాలు. టైరు మార్చే జాకీని పని కాగానే తీసేస్తాం. ఈ కాళ్లను ఛాసిస్‌కే బిగిస్తారు. రెండూ నిట్టనిలువుగా, ఒకే ఎత్తులో ఉండాలి. ఒకే మోటారుతో నడిచే జతలో ఈ కాలి నుంచి ఆ కాలికి పోయే అడ్డకడ్డీ వంకర పోతే పట్టేస్తుంది; ఎత్తుల్లో తేడా వస్తే బరువు ఒక కాలిమీదే ఎక్కువ పడుతుంది.