ఆ రాత్రి ముంగీ తెగ ఓడింది

మొదట కూత వినిపిస్తుంది. బొంగురుగా మొదలై ఒక్కసారిగా పైకి లేచే ‘ఊ...ప్’. ఒకటి పిలిస్తే ఎక్కడో ఇంకొకటి పలుకుతుంది. ఆ పిలుపు కిలోమీటర్ల దూరం పోతుంది. తర్వాత గిట్టల చప్పుడు. ఆపైన, మనిషి పగలబడి నవ్వుతున్నాడేమో అనిపించే గోల. అది నవ్వు కాదు. మీదపడి తరుముతున్నదాన్ని ఎదిరించలేక, నోటి దగ్గరి కూడు వదులుకోలేక బలహీనమైనది పెట్టే కేకలు.

టాంజానియాలోని గోరోంగోరో. ఎప్పుడో అగ్నిపర్వతం కుంగిపోయి ఏర్పడిన లోయ. అంచు నుంచి అడుగుకు 600 మీటర్ల లోతు. 1960లలో వెన్నెల రాత్రుళ్లు దీపాలు ఆర్పేసిన లాండ్‌రోవర్‌లో ఆ లోయంతా తిరిగేవాడు హాన్స్ క్రూక్. డచ్చివాడు, ఆక్స్‌ఫర్డ్‌లో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్ శిష్యుడు. దుమ్ములగొండ్లకు మత్తుమందు కొట్టి, చెవులకు గాట్లు పెట్టి, ఏది ఎవరిదో గుర్తుపట్టేవాడు.

పొద్దున్నే జీపుల్లో దిగిన యాత్రికులకు ఒకటే దృశ్యం: సింహం తింటూ ఉంటుంది, దూరంగా దుమ్ములగొండ్లు కాచుకుని ఉంటాయి. దొంగ ఎవరో తేలిపోయేది. క్రూక్ రాత్రి నుంచీ అక్కడే ఉన్నవాడు కదా! చాలాసార్లు చంపింది దుమ్ములగొండ్లు, లాక్కున్నది మృగరాజు. వేట దగ్గర అవి చేసే అల్లరిని టేపులో వినిపిస్తే చాలు, సింహాలు వచ్చి వాలేవి.

మన గుట్టల్లో చీకటిపడ్డాక గుట్టుగా తిరిగే చారల దుమ్ములగొండి వేరు. ఇది మచ్చలది. గుండ్రటి చెవులు, ముందుకాళ్లు పొడుగు, వెనక్కి జారిన నడుము. ఎముకను పిండిచేసే దవడ. రాజ్యం ఆడవాళ్లది. మగదానికంటే ఆడది బరువు, దాని మర్మాంగం కూడా మగదానిలాగే ఉంటుంది, కనడం కూడా దానిగుండానే. అందుకే ఇవి ఆడా మగా కాని జంతువులని శతాబ్దాలపాటు చెప్పుకున్నారు. తల్లి హోదాయే పిల్లది. పెద్దింటి పసికూన వస్తే ముదురు మగది కూడా తలవంచి తప్పుకుంటుంది. ఎదిగిన మగపిల్లలు చాలావరకు పుట్టిన తెగను వదిలి మరో తెగలో చేరి, అక్కడ అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. ఇల్లరికంలో ఇంత అణకువ మన దగ్గరా ఉండదు.

ఆ లోయలో క్రూక్ లెక్కకు తేలినవి 8 తెగలు. పెద్ద తెగలో 80 దాకా. ప్రతి తెగకూ సొంత భూమి. దాని పొలిమేర పొడవునా గడ్డిపోచలకు తోక కింది గ్రంథి నుంచి వచ్చే జిడ్డు రాసి వాసన గుర్తులు పెడతాయి, గుంపుగా గస్తీ తిరుగుతాయి. కానీ వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకను తరుముతున్నప్పుడు ఆ గీత ఎవరికి గుర్తుంటుంది?

ఆ రాత్రి అలాంటి ఒక వైల్డ్‌బీస్ట్ కళేబరం దగ్గరే రెండు తెగలు ఎదురుపడ్డాయి. ఒకటి ముంగీ. రెండోది స్క్రాచింగ్ రాక్స్. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చెవులు చిల్లులుపడే గోల. కొన్ని క్షణాలే. ఇటువి ఇటు, అటువి అటు విడిపోయాయి. ముంగీలు పారిపోయాయి. స్క్రాచింగ్ రాక్స్ వాళ్లు కొంతదూరం తరిమి, తిండి దగ్గరికి తిరిగొచ్చారు.

అందరూ రాలేదు. ఓ డజను మంది ఒక ముంగీ మగదాన్ని పట్టుకున్నారు. పొట్ట, పాదాలు, చెవులు, ఎక్కడ దొరికితే అక్కడ కొరికారు. మీద పడ్డవాళ్ల కింద అది కనిపించకుండా పోయింది. దాదాపు పది నిమిషాలు. పక్కనే తక్కిన తెగ వైల్డ్‌బీస్ట్‌ను తింటూనే ఉంది. తర్వాత క్రూక్ దగ్గరికి వెళ్లి గాయాలు చూశాడు. చెవులు లేవు, పాదాలు లేవు, వృషణాలు లేవు, వెన్నుకు దెబ్బ తగిలి చచ్చుబడింది.

తెల్లారి చూస్తే ఒక దుమ్ములగొండి ఆ శవాన్నే తింటోంది. అప్పటికే లోపలి అవయవాలూ కండా మూడోవంతు పోయాయి.

ఇవన్నీ కళ్లారా చూసిన ఆ మనిషే ఇంట్లో ఒక దుమ్ములగొండిని పెంచుకున్నాడు. పేరు సాలమన్. జున్ను కోసం యాత్రికుల బసలో దూరేది, పార్కు పెద్దాయన ఇంట్లో ఫలహారం బల్ల మీది బేకన్ ఎత్తుకుపోయేది. ఫిర్యాదులు తట్టుకోలేక చివరికి దాన్ని ఎడిన్‌బరో జూకు పంపేశారు.