క్రీతానుశయం: ఒక దొంగ నాణెం కథ

మా ఇంటి పూజామందసంలో ఒక రాగి బిళ్ళ ఉండేది. ఒక వైపు సింహాసనం మీద సీతారాములు, పక్కన లక్ష్మణుడు, పాదాల చెంత ఆంజనేయుడు. రెండో వైపు పూర్తిగా అరిగిపోయింది. మా నాయనమ్మ దాన్ని 'రామమాడ' అనేది. రామదాసు చెర విడిపించడానికి రామలక్ష్మణులు తానీషాకు చెల్లించిన ఆరు లక్షల మాడల్లో ఇదొకటని ఆమె నమ్మకం. మాడ అంటే బంగారు నాణెం కదా, ఇది రాగి కదా అని అడిగితే, "కలికాలంలో బంగారం రాగిగా కనిపిస్తుందిరా" అనేది. ఆ తరువాత ఇల్లు మారిన హడావుడిలో ఆ బిళ్ళ ఎక్కడో పోయింది.

నిరుడు శ్రీరామనవమికి కొద్ది రోజుల ముందు, అంతర్జాలంలోని ఒక అంగడిలో అలాంటిదే కనిపించింది. "ఈస్టిండియా కంపెనీ నాణెం, 1818, ఒక అణా, రామదర్బారు, అత్యంత అరుదు, అసలైనదని హామీ" అని దాని కింద వర్ణన. వెల రెండు వేల నాలుగు వందలు. చరిత్ర మీద నాలుగు ముక్కలు రాసుకునే అలవాటున్న నేను ఆ సంవత్సరాన్నీ ఆ అణానూ చూసి క్షణం ఆగవలసింది. మందసం గుర్తుకొచ్చింది, డబ్బు కట్టేశాను.

నాణెం వచ్చాక భూతద్దం కింద పెట్టి చూస్తే సంగతి తెలిసింది. అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంది. కరిగించిన లోహాన్ని మూసలో పోసినప్పుడు పడే గీత అది. ముద్రల మధ్య పెట్టి కొట్టిన నాణేనికి ఉండదు. అక్షరాల నడుమ సూదిమొనంత బుడిపెలున్నాయి. ఎడమ అంచున చింతాకు ఆకారంలో ఒక పచ్చని మరక ఉంది. పాతదనం తెప్పించడానికి ఏదో పూసినట్టున్నారు. వెనకవైపు 'యు.కె.ఎల్.' అనే మూడక్షరాలున్నాయి. కంపెనీ నాణేల మీద ఆ అక్షరాలు ఉండవు.

ఇక చరిత్ర సాక్ష్యం సంగతి. 1818లో కంపెనీకి దేశమంతటికీ ఒకే నాణెం లేదు. బెంగాలు, బొంబాయి, మద్రాసు దేనికది వేరువేరుగా నాణేలు వేసుకునేవి. మన ఉత్తర సర్కార్ల కోసం 1794లో, 1797లో బర్మింగ్‌హాంలోని సోహో టంకశాలలో ముద్రించి ఓడల్లో తెచ్చిన రాగి నాణేల మీద 'నలభై ఎనిమిదింటికి ఒక రూపాయి' అన్న లెక్క ఉంటుంది, అణా మాట ఉండదు. మద్రాసులో లెక్కలు వరహాల్లో సాగేవి: ఒక వరహాకు 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసులు. దేశమంతటికీ ఒకే రూపాయి 1835లో, నాలుగో విలియం తలబొమ్మతో వచ్చింది. 'ఒక అణా' అని రాసిన ప్రభుత్వ నాణెం చలామణిలోకి వచ్చింది 1907లో, ఏడవ ఎడ్వర్డు కాలంలో. అంటే నా చేతిలోని అణా తాను పుట్టడానికి ఎనభై తొమ్మిదేళ్ళ ముందటి తేదీ వేసుకుని కూర్చుంది.

చిత్రమేమిటంటే, 1818 నిజంగానే మన నాణేల చరిత్రలో ఒక మలుపు. ఆ ఏడు జనవరిలో మద్రాసు ప్రభుత్వం వరహాను పక్కనపెట్టి, 180 గ్రెయిన్ల వెండి రూపాయిని ప్రమాణంగా ప్రకటించింది. నూరు వరహాలకు మూడు వందల యాభై రూపాయలన్నది మారకపు లెక్క. విజయనగర కాలం నుంచి దేవతామూర్తులను మోస్తూ వచ్చిన బంగారు వరహాకు దక్షిణాదిన పెద్దరికం పోయిన ఏడాది అది. దొంగ నాణెం పోసినవాడికి ఈ సంగతి తెలిసి ఉండదు.

అయితే ఈ అబద్ధం ఇంత తేలికగా చెల్లుబాటు కావడానికి కారణం, దాని వెనక కొంత నిజం ఉండడమే. మొదటి హరిహరరాయల నాణేల మీద హనుమంతుడున్నాడు. పెనుగొండ నుంచి ఏలిన ఆరవీటి తిరుమలరాయల బంగారు నాణేల మీద సీతారాములు ఆసీనులై ఉండగా లక్ష్మణుడు నిలబడి ఉంటాడు. అక్బరు సైతం తన చివరి రోజుల్లో, ఇలాహీ శకం 50వ ఏట, సీతారాముల బొమ్మతో నాణెం వేయించాడు. కంపెనీవారు కూడా మద్రాసులో వేసిన వరహాల మీద దేవతామూర్తులను ఉంచారు. వేంకటేశ్వరుడు ఇద్దరు దేవేరులతో ఉన్న వరహాకు 'మూడు స్వాముల వరహా' అనే పేరు. వర్తకానికి వచ్చినవాళ్ళు, జనం నమ్మే బొమ్మను వదులుకోలేదు. కనుక కంపెనీ నాణెం మీద దేవుడు ఉండడం అసంభవం కాదు. రాగి అణా మీద, ఇంగ్లీషు అక్షరాలతో, 1818 తేదీతో ఉండడమే అసంభవం.

ఇవి కాక రామటంకాలు వేరే ఉన్నాయి. పుణ్యక్షేత్రాల్లో యాత్రికులు కొని తెచ్చుకుని ఇంట పూజించుకునే బిళ్ళలవి. ఒకవైపు పట్టాభిషేకం, మరోవైపు ధనుస్సులతో రామలక్ష్మణులు ఉండడం పరిపాటి. వాటిని ఏ రాజూ వేయలేదు, వాటితో ఎవరూ ఉప్పూ పప్పూ కొనలేదు. మా నాయనమ్మ బిళ్ళ అటువంటిదే అయ్యుంటుంది. అది తానొక నాణేన్నని ఎన్నడూ చెప్పుకోలేదు, కాబట్టి అది దొంగది కాదు. మాడ అన్నది నాయనమ్మ, ఆ మాటతో ఆమె ఎవరికీ ఏమీ అమ్మలేదు.

సరే, తిప్పి పంపాలని నిశ్చయించుకున్నాను. ఏడు రోజుల గడువుంది. ఆ గడువు చూడగానే నాకు యాజ్ఞవల్క్యుడు తలపుకొచ్చాడు. కొన్న వస్తువును పరీక్షించుకోవడానికి ఆ స్మృతి ఇచ్చిన గడువులు ఇవి: ఇనుముకు ఒక రోజు, పాడి పశువుకు మూడు రోజులు, బరువు మోసే పశువుకు అయిదు, రత్నాలకు ఏడు, విత్తనాలకు పది. వస్తువులో లోపం బయటపడడానికి ఎంత కాలం పడుతుందో అంత గడువు. ఇనుమును కొలిమిలో పెడితే ఆ పూటే తెలుస్తుంది, విత్తనం మొలకెత్తే దాకా ఆగాలి. ఆ స్మృతికి కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని పదమూడో శతాబ్దంలో మన మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

కొన్నాక వగచి తిరిగి ఇవ్వడాన్ని శాస్త్రకారులు 'క్రీతానుశయం' అన్నారు. అనుశయమంటే పశ్చాత్తాపం. మనువు పది రోజుల గడువిచ్చాడు. నారదుడు మరింత కచ్చితం: కొన్ననాడే చెడకుండా తిరిగి ఇస్తే పూర్తి సొమ్ము, రెండోనాడు ఇస్తే వెలలో ముప్పయ్యో వంతు కోత, మూడోనాడు దానికి రెట్టింపు, ఆపైన సరుకు కొన్నవాడిదే. కౌటిల్యుడు వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు, గోపాలకులకు అయిదు రాత్రులు ఇచ్చాడు. అంగడిలో ఆరితేరిన వర్తకుడికి తక్కువ గడువు, అలవాటు లేనివాడికి ఎక్కువ గడువు. నేటి అంగళ్ళు అందరినీ ఒకే గాట కట్టాయి.

అయితే నారదుడు పశ్చాత్తాపాన్నీ మోసాన్నీ కలిపెయ్యలేదు. మంచి సరుకు చూపించి చెడ్డది అంటగట్టినవాడు వెలకు రెట్టింపు కొన్నవాడికి ఇవ్వాలి, అంతే మొత్తం జరిమానాగా రాజుకూ కట్టాలి. ఈనాటి మన చట్టమూ ఆ దారినే కొంత దూరం నడిచింది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, సరుకు నకిలీదైనా, ప్రకటించిన లక్షణాలు లేనిదైనా, అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. నేను కారణం గడిలో 'నకిలీ' అని నమోదు చేసి, అతుకు గీత ఛాయాచిత్రాలు జతపరిచాను. నాలుగో రోజున మనిషి వచ్చి పొట్లం తీసుకువెళ్ళాడు. సొమ్ము తిరిగి వచ్చింది. అమ్మినవాడి నుంచి "మీకు నచ్చనందుకు విచారిస్తున్నాము" అని ఒక వాక్యం కూడా వచ్చింది. నకిలీ అన్న మాట 'నచ్చకపోవడం'గా మారిపోయింది.

మూడు వారాల తరువాత అదే అంగడిలో అదే అణా మళ్ళీ కనిపించింది. ఎడమ అంచున చింతాకు మరకతో సహా. ఈసారి వెల రెండు వేల ఏడు వందలు.

ఆ రాత్రి అర్థశాస్త్రం తీశాను. శామశాస్త్రి గారు 1909లో మైసూరులో అచ్చువేయించి మనకిచ్చిన ఆ గ్రంథంలో నాణేలను పరీక్షించే అధికారికి 'రూపదర్శకు'డని పేరు. దొంగ నాణేనికి 'కూటరూప'మని పేరు. దాన్ని చేయించినవాడికీ, పుచ్చుకున్నవాడికీ, మళ్ళీ చలామణిలోకి వదిలినవాడికీ ఒకే శిక్ష: వెయ్యి పణాలు. రాజు కోశాగారంలోకి చేర్చితే మరణమే. ఇదివరకు చదివినప్పుడు, పుచ్చుకున్నవాడేం పాపం చేశాడని నాకు అనిపించేది. ఇప్పుడు ఆ వరుసలో నేనూ ఉన్నాను. పుచ్చుకున్నాను, పొట్లం కట్టి తిరిగి వదిలాను.

బ్రిటిషు వారి 1906 నాటి నాణేల చట్టం ఇంకో మార్గం చెప్పింది. అధికారం ఉన్న ఉద్యోగి ముందుకు దొంగ నాణెం వస్తే, దాన్ని అక్కడికక్కడే కత్తిరించాలి. ముక్కలు తెచ్చినవాడికే ఇవ్వవచ్చు, నష్టమూ అతడిదే. తెచ్చినవాడు అమాయకుడైతే అది అన్యాయంగానే తోస్తుంది. కానీ ఆ నాణెం ఇంకొకడి చేతికి వెళ్ళదు. నా అంగడి నియమం సరిగ్గా దీనికి తలకిందులు: వస్తువు చెక్కు చెదరకుండా ఉంటేనే సొమ్ము వాపసు. కత్తిరిస్తే నా రెండు వేల నాలుగు వందలు పోతాయి, కత్తిరించకపోతే ఇంకెవరివో రెండు వేల ఏడు వందలు పోతాయి. ఆనాడు ఆ లెక్క వేయలేదు. వేసి ఉంటే కత్తిరించేవాడినని ధైర్యంగా చెప్పలేను.

అంగడివారికి రెండుసార్లు ఫిర్యాదు పంపాను. మొదటిసారి జవాబు లేదు. రెండోసారి ఆ ప్రకటన తొలగింది. వారం తిరక్కుండా మరో పేరుతో మరో దుకాణంలో '1818, రెండు అణాలు, హనుమంతుడు' వచ్చింది. మరక ఉన్నది మాత్రం ఏ ఇంటికి చేరిందో తెలియదు. బహుశా మా నాయనమ్మ వంటి ఒకావిడ మందసంలోకే చేరి ఉంటుంది.

ఇదంతా రాయడానికి కారణం ఆ మరక. ఎడమ అంచున చింతాకు ఆకారపు పచ్చ మరక, వెనక యు.కె.ఎల్. అక్షరాలు, ముందు రామదర్బారు. చదువరుల్లో ఎవరి ఇంటికైనా అది వచ్చి ఉంటే, అది కంపెనీ నాణెం కాదు, 1818 నాటిదీ కాదు. గడువుంటే సొమ్ము రాబట్టుకోండి, తప్పు పట్టను. గడువు దాటిపోయి ఉంటే మాత్రం ఇంకొకరికి అమ్మకండి. మందసంలో పెట్టి ఒక పువ్వు వేయండి. అక్కడ దాన్ని ఎవరూ తేదీ అడగరు.