తెలుగు చలనచిత్ర చరిత్రలో మన్యసీమ

తెలుగు చలనచిత్ర చరిత్రను వ్రాయ బూనినవారు సాధారణముగా మదరాసు, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడలను ఆధారముగా గొందురు. తూర్పు కనుమలలోని మన్యసీమ ఆ చరిత్రలో దృశ్యముగా గానవచ్చునే గాని వక్తగా గానరాదు. టాకీల రాకతో మూకచిత్రముల కాలము ముగిసినదని మనము చెప్పుకొందుము. మన్యమునకు సంబంధించినంతవరకు ఆ కాలము ఇంకను ముగియలేదని మా యభిప్రాయము. అందులకు గల హేతువులను ఇట పరిశీలింతుము.

మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్య 1914లో మదరాసున గెయిటీ థియేటరును నెలకొల్పెను. ఇంగ్లండున శిక్షణ పొంది వచ్చిన ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో 'భీష్మప్రతిజ్ఞ'ను నిర్మించెను. దాని ప్రతి నేడు లభ్యము కాదు. భారతదేశమున వెలువడిన సుమారు 1,300 మూకచిత్రములలో మిగిలినవి అత్యల్పములు. కావున ఈ చరిత్రకు పత్రికా ప్రకటనలు, ప్రభుత్వ పత్రములే ముఖ్యాధారములు. 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని చిరకాలము నమ్మితిమి. అది 1932 ఫిబ్రవరి 6న విడుదలయ్యెనని రెంటాల జయదేవ ఇట్టి ఆధారములతోనే నిరూపించెను. చిత్రము నశించినను కాగితము సాక్ష్యమిచ్చును. కాగితమునకు ఎక్కని జనులకు ఆ సాక్ష్యమును లేదు.

'భీష్మప్రతిజ్ఞ' వెలువడిన మరుసటి యేడే మన్యమున తిరుగుబాటు చెలరేగెను. 1882 నాటి మదరాసు అటవీ శాసనము పోడు వ్యవసాయమునకు ఆటంకమయ్యెను. బాట పనులలో కూలి సరిగా ముట్టక కొండజనులు విసిగిరి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దాడి చేసెను. 1924 మే 7న ఆయన హతుడగుటతో ప్రధాన ఘట్టము ముగిసెను. ఆనాటి మూకచిత్రములు పురాణ కథలనే విశేషముగా గ్రహించినవి. 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము క్రింద ప్రతి చిత్రమునకు అనుమతి కావలసియుండెను. 1939లో గూడవల్లి రామబ్రహ్మము నిర్మించిన 'రైతుబిడ్డ' సయితము నిషేధమునకు గురియైనది. మైదానపు రైతు గాథకే ఇట్టి గతి పట్టినపుడు మన్యపు తిరుగుబాటు తెర కెక్కుట ఊహింపరానిది.

ఇచట ఒక విషయము గమనింపదగి యున్నది. మూకచిత్రములలో కథను తెలుపు వ్రాతలు పెక్కుచోట్ల రెండు మూడు భాషలలో నుండెడివి. చదువురానివారికి ఒకడు వానిని బిగ్గరగా చదివి, వ్యాఖ్యానించి వినిపించెడివాడు. అనగా మూకచిత్రమును ఏ భాషలోనైనను చెప్పవచ్చును. లిపి లేని భాషలోనైనను చెప్పవచ్చును. టాకీ వచ్చిన పిదప ఆ వెసులుబాటు తొలగెను. చిత్రము ఒక్క భాషకు కట్టుబడినది. నోరు వచ్చిన చిత్రము కొండభాషలకు ద్వారము మూసినదని చెప్పవలసియున్నది.

1974 మే 1న విడుదలయిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రీకరణము చింతపల్లి ప్రాంతమున జరిగెను. దర్శకుడు వి. రామచంద్రరావు నడుమనే కీర్తిశేషుడు కాగా, పోరాట ఘట్టములను కె.ఎస్.ఆర్. దాసు, తక్కినవానిని కథానాయకుడు కృష్ణ పూర్తి చేసిరి. అందు మన్యవాసులు తెలుగుననే పలుకుదురు. ఆ ప్రాంతపు భగతలు మొదలగువారు తెలుగువారే గనుక దీనిని దోషమనుట తగదు. అయితే అరకులోయకు పోయిన స్థితి వేరు. అచట కువి, కొండ లేక కూబి, గదబ, ఆదివాసీ ఒడియా మున్నగు భాషలు వ్యవహారమున నున్నవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతమున విని పరిశీలించిన కొండభాష 1969లో గ్రంథరూపమున వెలువడెను. భాషాశాస్త్రజ్ఞుని చెవికి సోకిన ఆ పలుకు చలనచిత్ర శబ్దగ్రాహక యంత్రమునకు సోకలేదు.

పిమ్మట ఈ కొండలు పాటలకు రమ్యస్థలములు, ప్రతీకార కథలకు పొంచియుండు తావులు అయినవి. తుదకు స్వనామమును సయితము కోల్పోయినవి. 2021లో వచ్చిన 'పుష్ప' కథ శేషాచలమున నడచును. అందలి అడవి దృశ్యములు పెక్కు మారేడుమిల్లిలో చిత్రింపబడినవి. రంప తిరుగుబాట్లు జరిగిన కొండలు తెరపై వేరొక పేర నిలిచినవి. నిర్మాతకు ఇది సౌకర్యమే. చరిత్రకారునకు మాత్రము ఇది హెచ్చరిక.

ఇక పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. 1974 నాటి చిత్రీకరణమును ఇరువది యేండ్ల ప్రాయమున చూచినవారు నేడు డెబ్బదికి పైబడినవారు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతముల పెద్దలను కలిసికొని, వారు చూచిన తొలి చిత్రమేది, దానిని వారి కెవరు ఏ భాషలో వివరించిరి, తమ కొండను తెరపై చూచి ఏమనుకొనిరి అను ప్రశ్నలను వారి భాషలోనే అడిగి, వారి మాటలలోనే నమోదు చేయవలెను. 'భీష్మప్రతిజ్ఞ'కు పత్రికలైనను మిగిలినవి. వీరి స్మృతులకు వేరొక ప్రతి లేదు.